మాకింగ్‌బర్డ్ కథ: పుస్తకంలో, బొమ్మలో, తెరమీద

అమెరికా దేశంలో మాకింగ్‌బర్డ్ అనే పిట్ట ఒకటి ఉన్నది. ఇంచుమించు మన గోరవంక అంత ఉంటుంది. బూడిదరంగు ఒళ్ళు, పొడుగు తోక. ఎగిరేటప్పుడు రెక్కల మీద తెల్లని మచ్చలు కనిపిస్తాయి. చూడటానికి ఏమంత అందగత్తె కాదు. కాని దాని గొంతులో ఒక వింత ఉన్నది. చుట్టుపక్కల ఉండే పక్షుల కూతలన్నిటినీ అది ఒకదాని తరవాత ఒకటి అనుకరిస్తుంది. పక్షులనే కాదు, కప్పలను కూడా! వెన్నెల రాత్రులలో ఈ కచేరీ గంటల తరబడి సాగుతుంది.

ఆ పిట్ట పేరు పెట్టుకున్న నవల ఒకటి ఉన్నది. "టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్" అని దాని పేరు. మాకింగ్‌బర్డ్‌ను చంపటం అని అర్థం. వేటగాడి కథ అనుకునేరు! ఇది ఒక కోర్టు కథ. పాడటం తప్ప ఎవరికీ ఏ హానీ చేయని పిట్టను చంపటం పాపమని అందులోని పెద్దలు పిల్లలకు చెబుతారు. అలాటి హాని ఎరగని మనుషుల మీద లోకం ఎలా తుపాకి ఎక్కుపెడుతుందో ఆ కథ చెబుతుంది.

రాసినావిడ హార్పర్ లీ. ఆమె 1926 లో అలబామా రాష్ట్రంలోని మన్రోవిల్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. తండ్రి ప్లీడరు, ఊరి పత్రికకు సంపాదకత్వం కూడా చేసేవాడు. ఆమె పుట్టకముందు, 1919 లో, ఆయన హత్యానేరం కింద పట్టుబడిన ఇద్దరు నల్లజాతివారి తరఫున వాదించాడు. కేసు ఓడిపోయింది. ఇద్దరినీ ఉరితీశారు. నవలలో ఆటికస్ ఫించ్ అనే ప్లీడరు పాత్రకు ఈ తండ్రే మూలం.

నవల 1960 జూలై 11 న వెలువడింది. మరుసటి ఏడు దానికి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇప్పటికి మూడు కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. అంత పేరు వచ్చినా హార్పర్ లీ మరి యాభై ఏళ్ళకు పైగా ఇంకో నవల ప్రచురించలేదు. 2015 లో వచ్చిన రెండో పుస్తకం కూడా మొదటిదానికన్న ముందు రాసిందే. 2016 లో ఆమె చనిపోయింది.

ఇక కథకు వద్దాం. కథాకాలం 1933 నుంచి 1935 దాకా. అమెరికాలో బానిసత్వం 1865 లోనే రద్దయింది. కాని దక్షిణ రాష్ట్రాలలో తెల్లవారికి ఒక బడి, నల్లవారికి ఒక బడి. రైళ్ళలో వేరే పెట్టెలు. మంచినీళ్ళ కుళాయిలు కూడా వేరు. కోర్టులో నల్లవారు కింద కూర్చోరాదు, పై వసారాలో కూర్చోవాలి. మేకోంబ్ అనే ఊహా పట్టణంలో ఆటికస్ అనే ప్లీడరుకు ఇద్దరు తల్లిలేని పిల్లలు. పెద్దవాడు జెమ్. చెల్లెలు స్కౌట్. కథ మొదలయేటప్పటికి దానికి ఇంకా ఆరేళ్ళు నిండలేదు. కథంతా ఆ పిల్లే మనకు చెబుతుంది.

టామ్ రాబిన్సన్ అనే నల్లజాతి కూలివాడు మేయెల్లా అనే తెల్లపిల్లను కొట్టి దౌర్జన్యం చేశాడని ఆమె తండ్రి బాబ్ యూయెల్ ఫిర్యాదు చేశాడు. టామ్ తరఫున వాదించే పని ఆటికస్ మీద పడింది. ఊళ్ళో తెల్లవాళ్ళు చాలామందికి ఇది నచ్చలేదు. పిల్లలను బళ్ళో ఏడిపించారు. ఆటికస్ వెనక్కు తగ్గలేదు.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉన్నది. మీరే విప్పండి. మేయెల్లాకు దెబ్బలు ముఖానికి కుడివైపున తగిలాయి. కుడికన్ను నల్లగా కమిలిపోయింది. ఆమెను కొట్టినవాడు ఏ చేతివాటం కలవాడు?

నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉన్న రోజులలో, ఈ ఘట్టం వచ్చినప్పుడు, ఇద్దరు కుర్రాళ్ళను లేపి ఎదురెదురుగా నిలబెట్టేవాణ్ణి. "నీ కుడిచెయ్యి మెల్లగా చాచి వాడి చెంప తాకు, కొట్టకు సుమా!" అనేవాణ్ణి. కుడిచెయ్యి పోయి ఎదుటివాడి ఎడమ చెంపకు తగిలేది. ఎడమచేత్తో అయితే కుడిచెంప. క్లాసంతా "కొట్టినవాడు ఎడమచేతివాటం వాడు మాస్టారూ!" అని అరిచేది. ఒక ఏడు మాత్రం వెనకబెంచీ కుర్రాడొకడు లేచి, "కుడిచేతిని తిప్పి వెనక్కి కొడితే కుడిచెంపకే తగులుతుంది గదా, మాస్టారూ?" అన్నాడు. ఎదుటి పక్షం ప్లీడరు అడగవలసిన ప్రశ్న అది! సమాధానం కూడా నవలలోనే ఉన్నది. మేయెల్లా మెడ చుట్టూ వేళ్ళ గుర్తులు ఉన్నాయి. గొంతు అలా చుట్టి పట్టటానికి రెండు చేతులూ ఆడాలి.

టామ్‌కు ఎడమచెయ్యి లేదనే చెప్పాలి. పన్నెండేళ్ళ వయసులో పత్తి గింజలు తీసే యంత్రంలో పడి అది నలిగిపోయింది. కండరాలు తెగి, చెయ్యి కురచబడి, పనికిరాకుండా వేళ్ళాడుతూ ఉంటుంది. మరి ఎడమచేత్తో రాసేవాడు ఎవరు? బాబ్ యూయెల్! కోర్టులో ఆటికస్ అతనిచేత సంతకం చేయించి ఈ సంగతి అందరికీ చూపుతాడు. అంటే కూతుర్ని కొట్టినది ఆ తండ్రే అయి ఉండాలి.

అమెరికాలో తీర్పు చెప్పేది జ్యూరీ, అనగా ఊరివాళ్ళు పన్నెండుగురు. మేకోంబ్ జ్యూరీలో అందరూ తెల్లవాళ్ళే. ఇంత స్పష్టమైన సాక్ష్యం విని కూడా వాళ్ళు టామ్ దోషి అన్నారు. తరవాత జైలునుంచి పారిపోబోతూ టామ్ కాపలావాళ్ళ తుపాకులకు బలి అయిపోయాడు.

"ఇది మరీ అన్యాయం, కథ గనక ఇలా రాశారు," అని మీరనవచ్చు. కథ కానిది చెబుతాను, వినండి. 1931 మార్చి 25 న అదే అలబామాలో గూడ్సు బండిలో పోతున్న తొమ్మిదిమంది నల్లజాతి కుర్రాళ్ళను పోలీసులు దించారు. ఇరవై ఏళ్ళు నిండినవాడు ఒక్కడూ లేడు. అందరికన్న చిన్నవాళ్ళకు పన్నెండు పదమూడేళ్ళు. అదే బండిలో ఉన్న ఇద్దరు తెల్లస్త్రీల మీద వాళ్ళు దౌర్జన్యం చేశారని నేరం. స్కాట్స్‌బొరో అనే ఊళ్ళో విచారణ జరిగింది. పట్టుబడిన పదిహేను రోజులలోనే ఎనిమిదిమందికి మరణశిక్ష వేసేశారు! వాళ్ళ తరఫున సరి అయిన ప్లీడరు కూడా లేడు. 1932 లో అమెరికా సుప్రీంకోర్టు ఆ తీర్పులు చెల్లవన్నది. 1933 లో ఆ ఇద్దరు స్త్రీలలో ఒకామె కోర్టుకు వచ్చి, తాము చెప్పినది అబద్ధమన్నది. అయినా జ్యూరీ మళ్ళీ దోషి అన్నది. ఆ విచారణ జరిపిన జడ్జి జేమ్స్ హోర్టన్ సాక్ష్యం మరొకసారి పరిశీలించి జ్యూరీ తీర్పును కొట్టివేశాడు. ఆ ప్రాంతాలలో జడ్జీలను ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకుంటారు. 1934 ఎన్నికలలో హోర్టన్ ఓడిపోయాడు.

ఇంకో విడ్డూరం చూడండి. నల్లవాళ్ళను జ్యూరీలోకి రానివ్వటం లేదని సుప్రీంకోర్టులో మళ్ళీ దావా నడిచింది. అలబామా అధికారులు జ్యూరీ జాబితా పుస్తకం చూపి, "నల్లవాళ్ళ పేర్లు ఇందులో ఉన్నాయి గదా!" అన్నారు. ముద్దాయిల ప్లీడరు ఆ పుస్తకంతోబాటు ఒక భూతద్దం కూడా జడ్జీలకు అందించాడు. భూతద్దంలో చూస్తే ఆ పేర్లు తరవాత ఇరికించి రాసినట్టు బయటపడింది! 1935 ఏప్రిల్ 1 న తీర్పు ముద్దాయిలకు అనుకూలంగా వచ్చింది. నవలలో టామ్ విచారణ జరిగేది ఆ ఏటి ఎండాకాలంలోనే.

స్కాట్స్‌బొరో కుర్రాళ్ళలో ఎవరినీ ఉరితీయలేదు. కాని వాళ్ళ యౌవనమంతా జైళ్ళలోనే కరిగిపోయింది. ఆఖరువాడు బయటికి వచ్చింది 1950 లో. మిగిలిపోయిన ముగ్గురి మీద మచ్చ తుడిచివేస్తూ అలబామా క్షమాపత్రం ఇచ్చింది 2013 లో. అప్పటికి తొమ్మిదిమందిలో ఒక్కరూ బతికిలేరు.

ఇక సినిమా. 1962 డిసెంబరులో విడుదలయింది. దర్శకుడు రాబర్ట్ మల్లిగన్. అప్పటికి రంగుల సినిమాలు వచ్చినా దీన్ని నలుపు తెలుపులలోనే తీశారు. హార్పర్ లీ ఊరి కోర్టు హాలును కొలతలు తీసుకుని, స్టూడియోలో అచ్చం అటువంటి హాలే కట్టారు. ఆటికస్ వేషం గ్రెగరీ పెక్ వేశాడు. చిత్రీకరణకు ముందు ఆయన మన్రోవిల్ వెళ్ళి హార్పర్ లీ తండ్రిని కలుసుకున్నాడు. సినిమా విడుదల కాకముందే ఆ పెద్దాయన కాలం చేశాడు. ఆయన జేబుగడియారాన్ని హార్పర్ లీ పెక్‌కు బహూకరించింది. స్కౌట్ వేసిన మేరీ బాడమ్ అంతకుముందు ఎన్నడూ సినిమాలో నటించలేదు. పదేళ్ళ వయసులో ఆమె పేరు ఆస్కార్ పోటీకి ఎక్కింది. బహుమతి మాత్రం వేరొకరికి పోయింది. సినిమాకు మొత్తం మూడు ఆస్కార్‌లు వచ్చాయి. ఉత్తమ నటుడి బహుమతి పెక్‌దే.

ఒకే కథ పుస్తకంలోనుంచి తెరమీదికి వచ్చేటప్పుడు ఏమవుతుందో గమనించటం మంచి ఆట. ఇందాకటి ఎడమచేతి సంగతే తీసుకోండి. పుస్తకంలో టామ్ లేచి నిలబడతాడు, వేళ్ళాడే చెయ్యి జనానికి కనిపిస్తుంది, స్కౌట్ దాన్ని మాటలతో వర్ణిస్తుంది. సినిమాలో ఆటికస్ ఒక గాజుగ్లాసు తీసి టామ్ వైపు విసురుతాడు. టామ్ కుడిచేత్తో ఠక్కున పట్టుకుంటాడు. "ఎడమచేత్తో పట్టుకో," అంటే పట్టుకోలేడు. ఈ గ్లాసు పుస్తకంలో లేనే లేదు! కంటికి ఆనేలా చెప్పాలి గనక సినిమావాళ్ళు కల్పించారు. బాగా కల్పించారు.

అయితే, తీసివేసినవి కూడా ఉన్నాయి. వాటిలో ఒకటి పోవటం నాకు ఎప్పుడూ వెలితిగానే తోస్తుంది. ఆటికస్ ఇంట్లో కల్పూర్నియా అనే నల్లజాతి వంటమనిషి ఉన్నది. ఒక ఆదివారం ఆమె పిల్లలిద్దరినీ తమ చర్చికి తీసుకుపోతుంది. అక్కడ పాటల పుస్తకాలు లేవు; ఉన్నా చదవగలవాళ్ళు పట్టుమని ఐదుగురు లేరు. అందుకని ఒకడు ముందు ఒక చరణం చెబుతాడు, మిగిలినవాళ్ళు అందుకుంటారు, మన భజనలలో లాగానే. టామ్ జైల్లో ఉన్నాడు గనక అతని భార్యాపిల్లల కోసం చందా వసూలు చేస్తారు. పది డాలర్లు పూర్తి అయిందాకా తలుపులు మూసేయమంటాడు పాదిరి. ఇచ్చేవాళ్ళంతా నిరుపేదలే! నల్లవాళ్ళు ఒకరినొకరు ఎలా ఆదుకుంటున్నారో నవలంతటిలోకి ఇక్కడే మనం దగ్గిరగా చూస్తాం. సినిమాలో ఈ ఘట్టం లేదు. అందుచేత సినిమా మాత్రమే చూసినవాళ్ళకు నల్లవారంటే కోర్టు పై వసారాలో మౌనంగా కూర్చున్న జనంగానే మిగిలిపోతారు.

ఆ మౌనం కూడా గొప్పదే, కాదనను. కేసు ఓడిపోయి ఆటికస్ సంచీ సర్దుకుని ఒంటరిగా నడిచిపోతుంటే పై వసారాలో వాళ్ళంతా ఒక్కరొక్కరుగా లేచి నిలబడతారు. ఆటికస్ తల ఎత్తి చూడడు. టామ్ వేషం వేసిన బ్రాక్ పీటర్స్‌కూ గ్రెగరీ పెక్‌కూ ఆ సినిమాతో మొదలయిన స్నేహం నలభై ఏళ్ళు సాగింది. 2003 లో పెక్ చనిపోతే, అంత్యక్రియల సభలో ఆయనను గురించి మాట్లాడినవాడు పీటర్సే.

నవల వెలువడిన నాలుగు నెలలకు మరొక ఆరేళ్ళ పిల్ల వార్తలకు ఎక్కింది. ఈమె కల్పన కాదు. పేరు రూబీ బ్రిడ్జెస్. నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరు వేరు బడులు పెట్టటం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 1954 లో చెప్పింది. రూబీ పుట్టినదీ ఆ సంవత్సరమే. ఆ తీర్పు ఆచరణలోకి రావటానికి ఏళ్ళు పట్టింది. 1960 నవంబరు 14 న రూబీ న్యూ ఆర్లియన్స్ నగరంలో విలియం ఫ్రాంజ్ ప్రాథమిక పాఠశాలకు నడిచి వెళ్ళింది. అంతవరకు అది తెల్లపిల్లల బడి. ఇద్దరు ముందు, ఇద్దరు వెనక, నలుగురు కేంద్రప్రభుత్వ మార్షల్స్ కాపలా. బడి ముందు జనం పోగై కేకలు వేస్తున్నారు, ఏవేవో విసురుతున్నారు. ఆ ఊళ్ళో మార్డీ గ్రా అనే పెద్ద పండగ జరుగుతుంది. ఆ గోలంతా చూసి రూబీ ఆ పండగే అనుకున్నదట!

తెల్ల తల్లిదండ్రులు తమ పిల్లలను బడి మానిపించారు. రూబీకి చదువు చెప్పటానికి బార్బరా హెన్రీ అనే ఒక టీచరు మాత్రం ముందుకు వచ్చింది. ఆమె బోస్టన్ నుంచి వచ్చినది. ఆ ఏడంతా ఒక గదిలో ఒక టీచరు, ఒక విద్యార్థిని. ముప్ఫయ్యేళ్ళకు పైగా బళ్ళో పనిచేసినవాణ్ణి గనక ఆ గది ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోగలను. పోటీపడి చెయ్యి ఎత్తేవాళ్ళు లేరు, పక్కవాడి పలక చూసేవాళ్ళు లేరు, ఆటలకు జట్టు లేదు. ఎవరో విషం పెడతామని బెదిరించారని రూబీ ఇంటినుంచి తెచ్చుకున్నది తప్ప మరేమీ తిననిచ్చేవారు కాదు. తండ్రికి పెట్రోలు బంకులో ఉద్యోగం పోయింది. మిసిసిపిలో కౌలు సేద్యం చేసుకునే తాతా మామ్మలను భూమి యజమాని వెళ్ళగొట్టాడు. ఒక పిల్ల బడికి వెళ్ళినందుకు!

ఈ సంగతిని బొమ్మగా వేసినవాడు నార్మన్ రాక్‌వెల్. ఆయన 1916 నుంచి 1963 దాకా "సాటర్డే ఈవెనింగ్ పోస్ట్" అనే పత్రికకు ముఖచిత్రాలు వేశాడు. నల్లవారిని నౌకర్లుగా తప్ప చూపరాదని ఆ పత్రికలో ఒకప్పుడు తనకు చెప్పారని ఆయన అన్నాడు. ఆ పత్రిక వదిలి "లుక్" అనే పత్రికలో చేరి, డెబ్బయ్యేళ్ళు నిండబోతుండగా ఈ బొమ్మ ప్రచురించాడు. అది 1964 జనవరి 14 సంచిక.

అసలు బొమ్మ మూడడుగుల ఎత్తు, ఇంచుమించు అయిదడుగుల పొడుగు ఉంటుంది. తెల్లగౌను వేసుకున్న నల్లపిల్ల చేతిలో పుస్తకాలూ రూళ్ళకర్రా పట్టుకుని తిన్నగా ముందుకు చూస్తూ నడుస్తున్నది. ముందు ఇద్దరు, వెనక ఇద్దరు మార్షల్స్. వాళ్ళకు తలలు లేవు! భుజాల దగ్గిరే బొమ్మ అంచు వాళ్ళను కోసేసింది. చిత్రకారుడు మనలను పిల్ల ఎత్తుకు దించి నిలబెట్టాడన్న మాట. గోడ మీద ఒక తిట్టుమాట రాసి ఉన్నది. ఎవరో విసిరిన టమాటా చితికి, ఎర్రగా కారుతున్నది. మరి విసిరిన గుంపు ఏదీ? బొమ్మలో ఎక్కడా లేదు. పిల్ల గోడపక్కగా పోతున్నది. గుంపు ఉండవలసిన చోటు గోడకు ఎదురుగా, సరిగ్గా మనం నిలబడి చూస్తున్న చోటు.

హార్పర్ లీ కూడా చేసినది ఇదే. పెద్దల లోకాన్ని ఆరేళ్ళ పిల్ల కళ్ళ ఎత్తునుంచి చూపింది. స్కౌట్‌కు చాలా సంగతులు అర్థం కావు. అర్థం కానివాటిని అది నిలదీస్తుంది. నవల చదివినవాళ్ళు ఈ బొమ్మ చూస్తే, బొమ్మ చూసినవాళ్ళు నవల చదివితే, రెండూ ఇంకా బాగా తెలుస్తాయి. 2011 లో ఈ బొమ్మను అధ్యక్షుడి భవనంలో, వైట్ హౌస్‌లో, కొన్ని నెలలు వేళ్ళాడగట్టారు. ఆ జూలైలో యాభై ఆరేళ్ళ రూబీ బ్రిడ్జెస్, మొట్టమొదటి నల్లజాతి అధ్యక్షుడు బరాక్ ఒబామా పక్కన నిలబడి దాన్ని చూసింది.

మాకింగ్‌బర్డ్ కథను అందరూ మెచ్చుకున్నారనుకోకండి. 1966 లో వర్జీనియా రాష్ట్రంలోని ఒక పాఠశాలల బోర్డు ఇది అవినీతి పుస్తకమని తీసివేయబోయింది. హార్పర్ లీ వాళ్ళకు చురక వేస్తూ ఉత్తరం రాసి, బోర్డు సభ్యులు ఒకటో తరగతిలో చేరటానికి ఉపయోగించండని పది డాలర్లు కూడా పంపింది! ఈ మధ్య వచ్చిన అభ్యంతరాలు వేరే రకం, వాటిని నవ్వి తీసిపారేయటానికి వీల్లేదు. కథ చెప్పేది తెల్లపిల్ల, కథానాయకుడు తెల్ల ప్లీడరు. టామ్ ఏమనుకుంటున్నాడో, అతని భార్య ఎలా బతుకుతున్నదో, కల్పూర్నియా మనసులో ఏమున్నదో మనకు తెలిసేది తక్కువ. పైగా తెల్లవాళ్ళు నల్లవాళ్ళను తిట్టే మాట పుస్తకంలో పలుమార్లు వస్తుంది. ఆ మాట నిండు తరగతిలో చదువుతుంటే అక్కడ కూర్చున్న నల్లజాతి పిల్లకు ఎలా ఉంటుంది? ఈ ఆలోచనతోనే 2022 లో వాషింగ్టన్ రాష్ట్రంలో ఒక విద్యామండలం దీన్ని తొమ్మిదో తరగతి తప్పనిసరి పాఠాలలోనుంచి తీసివేసింది. చదవదలచిన టీచరు చదివించవచ్చునన్నది. నా మట్టుకు నేను పుస్తకం ఉండాలనే అంటాను. అయితే తల్లిదండ్రులు పదమూడు, పధ్నాలుగేళ్ళ పిల్లల పక్కన కూర్చుని చదవాలి. రూబీ బ్రిడ్జెస్ తన సంగతి తానే చెప్పుకున్న పుస్తకం కూడా దీని పక్కన పెట్టాలి.

ఈ లోపం కొంత పూడ్చాలని ఆరన్ సోర్కిన్ అనే రచయిత కొత్త నాటకం రాశాడు. 2018 డిసెంబరులో న్యూయార్కులో ప్రదర్శన మొదలయింది. అందులో కల్పూర్నియా ఊరికే ఉండదు, ఆటికస్‌తో వాదించి అతన్ని ఇరుకున పెడుతుంది. 2020 ఫిబ్రవరి 26 న ఈ నాటకాన్ని మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే పెద్ద క్రీడామందిరంలో ఆడారు. ప్రేక్షకులు ఆ నగరం సర్కారు బడుల పిల్లలు, సుమారు 18,000 మంది! టిక్కెట్టు లేదు. మరి పదిహేను రోజులకు కరోనా వచ్చి న్యూయార్కు నాటకశాలలన్నీ మూతపడ్డాయి.

హార్పర్ లీ సొంత ఊళ్ళో మరొక నాటకం ఉన్నది. ఇది క్రిస్టఫర్ సెర్గెల్ రాసినది. మన్రోవిల్‌లో దాదాపు 1990 నుంచి ఊరివాళ్ళే వేషాలు వేసి ఏటేటా వసంతకాలంలో ఆడుతున్నారు. మొదటి అంకం పాత కోర్టు భవనం బయట, చెట్ల కింద. విరామం కాగానే అందరూ లేచి లోపలి కోర్టు హాలుకు వెళతారు. సినిమావాళ్ళు కొలతలు తీసుకున్న హాలు అదే. చిన్నప్పుడు హార్పర్ లీ పై వసారాలో కూర్చుని, తన తండ్రి వాదించటం చూసిన హాలు కూడా అదే. అప్పుడు ప్రేక్షకులలోనుంచి పన్నెండుమందిని పిలిచి జ్యూరీ కుర్చీలలో కూర్చోబెడతారు. టిక్కెట్టు కొనుక్కుని నాటకం చూడవచ్చినవాళ్ళు వాళ్ళు. టామ్ చెయ్యి కళ్ళారా చూస్తారు, ఆటికస్ వాదన చెవులారా వింటారు. నాటకం ముందే రాసి ఉన్నది గనక, ఆఖరున దోషి అనే తీర్పే ఇస్తారు.